గేటు కాపలావాడి భార్య

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. పాపకు ఊపిరి అందని రోజున డాక్టరు ఇంగ్లీషులో ఏదో అడుగుతాడు, తనకు నోరు పెగలదు, ఆలోగా పాపకు ఏదైనా అయిపోతుంది.

పనిలో పడినా ఈ భయం వదిలేది కాదు. ఆమె పనిచేసే, ఊరు చూపించే బస్సు పై అంతస్తుకు కప్పు లేదు. రాత్రి కురిసిన మంచు అంతా సీట్ల మీదే ఉంటుంది. పొద్దున్నే ఆ నీళ్లు తుడిచి, గుడ్డ పిండి, మళ్లీ తుడిచి, సీట్ల కింద ఎవరో అంటించిపోయిన చూయింగ్ గమ్‌ని అరిగిన చెంచాతో గీకుతూ ఉన్నట్టుండి చెయ్యి ఆపేసేది. నడుముకు కట్టుకున్న సంచీలో ఫోను మోగినట్టనిపించేది. తీసి చూస్తే ఏమీ ఉండేది కాదు.

"మళ్లీ చూశావా?" కిందనుంచి డ్రైవరు కేకేశాడు. "నువ్వలా చూసి చూసి ఆ ఫోనుకి దిష్టి తగిలేను చెల్లెమ్మా. ముందు మెట్లు తుడువు. నిన్న ఒకాయన జారి నా మీద పడబోయాడు. పడుంటే ఇవాళ బస్సు నువ్వే తోలాల్సొచ్చేది."

"తోలతాను. మీరు చేసేది మాత్రం ఏముంది, హారన్ కొట్టడమేగా?"

"చూశారా గైడమ్మా, నాలుగు ముక్కలు ఇంగ్లీషొచ్చేసరికి నోరు ఎలా లేస్తోందో!"

గైడమ్మ అప్పుడే వచ్చింది. పెద్ద వయసు మనిషి. ఎడమ కాలు కాస్త ఈడ్చి నడుస్తుంది. మెడలో విజిలు, చేతిలో మడిచిన గొడుగు. జనాన్ని కిందికి దించినప్పుడు ఆ గొడుగే పైకెత్తి ముందు నడిస్తే అందరూ బాతుపిల్లల్లా వెనక నడుస్తారు. ఈ పరాయి ఊరు వచ్చి జుట్టంతా నెరిసిపోయినా ఆవిడ తెలుగుకి మాత్రం తుప్పు పట్టలేదు.

"లేవనీవయ్యా నోరు. అందుకేగా ఇంత తంటా," అంటూ కమ్మీ పట్టుకుని పైకెక్కింది. "ఏం పిల్లా, నిన్నటివి గుర్తున్నాయా?"

"ఉన్నాయండీ."

"ఏదీ, జైలు దగ్గర మాట చెప్పు."

ఆమె కళ్లు మూసుకుంది. పెదాలు కదిలాయి. గైడమ్మ గొడుగు మీద చేతులు ఆన్చి నిలబడింది. ఆమెకు మాటలు బస్సు వెళ్లే వరసలోనే వస్తాయని ఆవిడకు తెలుసు. మధ్యలోంచి అడిగితే రావు. జైలు దగ్గరి మాట కావాలంటే ముందు గడియారం స్తంభం దగ్గర ఎక్కాలి, వంతెన దాటాలి, కోట గేటు లోంచి దూరాలి, మార్కెట్టు సందులో నెమ్మదిగా వెళ్లాలి. అప్పుడు గానీ జైలు గోడ కనపడదు.

"విజిలింగ్ సౌండ్," అంది చివరికి, కళ్లు తెరిచి. "చెస్ట్‌లో విజిలింగ్ సౌండ్."

"అమ్మయ్య, చేరావు. దారిలో టిఫిన్‌కి ఆగావేమో అనుకున్నాను."

*

ఈ ఉద్యోగంలో చేరినప్పుడు ఆమెకు కంపెనీవాళ్లు నేర్పిన ఇంగ్లీషు ఒక్కటే, సిట్ డౌన్ ప్లీజ్. రైలు వంతెన బాగా కిందికి ఉంటుంది. బస్సు దాని కిందికి వెళ్లేముందు పైన నిలబడి ఫోటోలు తీసుకునేవాళ్లందర్నీ కూర్చోబెట్టాలి. లేకపోతే తలలు పగులుతాయి. మెట్ల దగ్గర కమ్మీకి నడుమాన్చి, ఒక చేయి పైకెత్తి, ఆమె రోజంతా ఆ మాట అరిచేది. మిగిలిన ఇంగ్లీషంతా తల మీంచి గాలిలా పోయేది.

గాలిలా పోనివ్వకుండా చేసింది గైడమ్మ. ఆసుపత్రిలో డాక్టరు అడిగినవాటికి అన్నిటికీ తల ఊపి, పాపకు పడని మందు రాయించుకుని వచ్చిన మర్నాడు ఆమె బస్సు వెనక సీట్లో ఏడుస్తూ దొరికిపోయింది. ఏడో తరగతి పరీక్షలు రాయకుండానే బడి మానేసినదాన్నండీ, నాకింకేం వస్తుందండీ అంది. గైడమ్మ ఓదార్చలేదు. "రోజూ ఈ బస్సులో తిరుగుతావు కదా, చెవులు మూసుకుని తిరుగుతావా?" అంది. ఆ పూటనుంచే మైకులో చెప్పే చరిత్ర మారింది.

గడియారం స్తంభం దగ్గర ఆవిడ పాత రోజుల ముట్టడి గురించి చెప్పేది. శత్రువులు ఊరిని చుట్టుముట్టారు, తిండి లేదు, బయటికి దారి లేదు. అంతవరకు ఎప్పుడూ చెప్పేదే. ఇప్పుడు అందులోకి ఒక మనిషి వచ్చింది. కోట గేటు కాపలావాడి భార్య. ఆమె కూతురికి ఊపిరి అందడం లేదు. ఎప్పటినుంచి? సిన్స్ మార్నింగ్. గైడమ్మ ఆ మాట గడియారం వైపు గొడుగు చూపిస్తూ రెండుసార్లు అనేది, మెట్ల దగ్గర నిలబడ్డ ఆమె వైపు ఒకసారి చూసి. వంతెన మీద, ఎండాకాలం కాబట్టి నది లోతు లేకుండా పారుతోంది, షాలో. పిల్ల ఊపిరి కూడా అంతే, షాలో. కోట గేటు దగ్గర తల్లి సైనికుల కాళ్ల మీద పడింది. ఓపెన్ ద గేట్, మై చైల్డ్ కాంట్ బ్రీద్. గేటు బ్లాక్డ్. పిల్ల ఛాతీ బ్లాక్డ్. మార్కెట్టులో వైద్యుణ్ని వెతికింది. మందు ఎంత వెయ్యాలి, ఎన్నిసార్లు వెయ్యాలి, డోస్. జైలు దగ్గర కాపలావాళ్ల విజిళ్లు. పిల్ల ఛాతీలోనూ విజిలు. చివరికి ఇప్పుడు మ్యూజియం అయిపోయిన పాత ఆసుపత్రి మెట్ల మీద వైద్యుడు అడిగినవాటికి ఆ తల్లి ఒక్కొక్కటిగా జవాబు చెప్పింది. ఏం తిన్నది, ఏ మందు పడదు, ముందెప్పుడైనా ఇలా అయిందా.

పై అంతస్తులో జనం కెమెరాలు దించేసి వినేవారు. కొందరు కళ్లు తుడుచుకునేవారు. పిల్ల బతికిందా అని ఎవరైనా అడిగితే గైడమ్మ, "బతికింది, లేకపోతే ఈ కథ మనకెవరు చెప్తారు?" అని ఇంగ్లీషులో అనేది. అందరూ ఊపిరి పీల్చుకునేవారు. ఆమె కూడా.

"అబద్ధం కదండీ అది?" అని ఒకసారి అడిగింది, ఖాళీ బస్సులో నీళ్ల సీసాలు ఏరుతూ.

"రాజుగారు కోట బురుజెక్కి ఏడ్చాడని చెప్తాను, అది ఎవరు చూశారు? దానికి ఎవరూ ఏమీ అనరు," గైడమ్మ చెప్పు విప్పి కాలు నొక్కుకుంటూ అంది. "అన్ని రోజులు ఊరు మూసేస్తే ఊపిరాడని పిల్ల ఒక్కతైనా ఉండదంటావా? తల్లి ఒక్కతైనా పరిగెత్తలేదంటావా? ఆవిడ పేరు నాకు తెలీదు, అంతే తేడా."

*

చిక్కు వచ్చింది రాయితో. ఎవరో ముసలావిడ, ఆ తల్లిని ఎక్కడ పూడ్చారు అని అడిగింది. గైడమ్మ తడుముకోకుండా కోట గోడ పక్కన గడ్డిలో ఒరిగి ఉన్న రాయిని చూపించింది. అది పాత మురికి కాలువ మీద మూత. మర్నాడు ఆ రాయి మీద పూలున్నాయి. ఆ మర్నాడు ఇంకా ఎక్కువున్నాయి. ఎవరో చిన్న బొమ్మ కూడా పెట్టారు.

"ఇంకో వారం ఆగితే కాలవకి గుడి కడతారు," డ్రైవరు స్టీరింగు కొట్టుకుంటూ నవ్వాడు. "అందులో హుండీ మాత్రం నాది. బస్సు ఆపింది నేను."

ఆ రోజు పై అంతస్తులో ఒక కళ్లజోడాయన ఉన్నాడు. నవ్వలేదు, ఏడవలేదు. ఇది ఏ సంవత్సరం, ఏ పుస్తకంలో ఉంది అని అడిగాడు. గైడమ్మ, అప్పట్లో కాపలావాళ్ల భార్యల పేర్లు పుస్తకాలకి ఎక్కించేవాళ్లు కాదండి అంది. జనం చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టలేదు. కిందికి దిగినప్పుడు పూల ముందు వంగి, రాయి చుట్టూ తిరిగి, నాలుగు వైపులనుంచీ ఫోటోలు తీశాడు. పక్కకు జరిగిన మూత సందులోంచి కిందికి కూడా ఒకటి తీశాడు.

ఆమె అది చూసింది. ఫోటోలు తీసుకునేవాళ్లు రోజూ ఉంటారు కదా అనుకుంది.

*

ఫోను నిజంగానే మోగిన రోజు బస్సు మార్కెట్టు సందులో ఉంది. పిల్లల్ని చూసుకునే చోటినుంచి. అవతలి గొంతు ఇంగ్లీషులో గబగబా మాట్లాడింది. అందులో బ్రీదింగ్ అన్న మాట ఒక్కటి రాయిలా వచ్చి తగిలింది. ఇంకేమీ వినలేదు.

"అన్నా, ఆపండి!"

అక్కడ స్టాపు లేదు. డ్రైవరు అద్దంలో ఆమె ముఖం చూసి ఆపేశాడు. వెనక కార్లన్నీ హారన్లు కొట్టాయి. గైడమ్మ మైకు పక్కన పెట్టి, "వెళ్లు, వెళ్లు పిల్లా, నీ పని నేను చూసుకుంటా," అంది.

పాపను ఒళ్లో వేసుకుని టాక్సీలో కూర్చున్నప్పుడు ఆమెకు తన గుండె కొట్టుకోవడం వినపడలేదు. పాప ఛాతీలోని కూతే వినపడింది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా మెడ కింద చిన్న గుంట పడి లేస్తోంది. పెదాల చుట్టూ రంగు మారింది. "అమ్మా, నీళ్లు," అంది పాప. మాట మధ్యలో తెగింది.

ఆసుపత్రిలో గాజు తలుపు ముందు ఒక బల్ల, బల్ల వెనక ఒక అమ్మాయి. కంప్యూటరు వైపే చూస్తూ, "సిట్ డౌన్ ప్లీజ్," అంది.

ఆ మాట ఆమెకు తెలుసు. అది రోజూ తను అనే మాట. కాళ్లు వాటంతటవే వంగబోయాయి. కుర్చీ దాకా వెళ్లి, వంగి, ఆగిపోయింది. కూర్చుంటే ఎంతసేపు కూర్చోవాలో ఎవరూ చెప్పరు. కళ్లు మూసుకుంది. మాట ఒక్కటీ లేదు. బుర్రంతా తుడిచిన సీటులా ఖాళీగా ఉంది. గడియారం స్తంభం, గడియారం స్తంభం అనుకుంది. చివరికి అది కనపడింది. బస్సెక్కింది.

"సిన్స్ మార్నింగ్," అంది గట్టిగా.

అమ్మాయి తల తిప్పింది.

"బ్రెత్ షాలో." వంతెన దాటింది. ఇక కోట గేటు. అక్కడ ఆ తల్లి ఏమందో అది అనకుండా ముందుకు వెళ్లడం ఆమెకు చేతకాలేదు. "ఓపెన్ ద గేట్! మై చైల్డ్ కాంట్ బ్రీద్! ఓపెన్ ద గేట్!"

హాల్లో ఉన్నవాళ్లంతా చూశారు. కాపలా ఉన్నతను రెండడుగులు ముందుకు వచ్చాడు. బల్ల వెనక అమ్మాయి పాప ముఖం అప్పుడు చూసింది. చెయ్యి చాచి ఏదో నొక్కింది. గాజు తలుపు తెరుచుకుంది.

లోపల డాక్టరు అడుగుతుంటే ఆమె బస్సు దిగలేదు. చెస్ట్ బ్లాక్డ్. మార్కెట్టు, నిన్న వేసిన మందు డోస్. జైలు గోడ, విజిలింగ్ సౌండ్. పాత ఆసుపత్రి మెట్లు, ఏ మందు పడదో దాని పేరు. డాక్టరు ఆ పేరు విని, నర్సు చేతిలో ఉన్న సీసా పక్కన పెట్టించి ఇంకోటి తెమ్మన్నాడు. పాప ముఖానికి ప్లాస్టిక్ తొడుగు పెట్టారు. అందులోంచి తెల్లటి పొగ వస్తోంది. ఆమె పాప అరికాలు పట్టుకుని నిలబడింది. ఇంకేం చెయ్యాలో తెలియక ఆ కాలే నిమురుతూ ఉంది. మెడ కింద గుంట పడడం, లేవడం, పడడం చూస్తూ ఉంది. ఎంతోసేపటికి ఆ గుంట పూడింది.

గోడౌన్‌లో సరుకు దించే పనినుంచి ఆమె భర్త చెమటతోనే పరిగెత్తుకొచ్చాడు. పాప నిద్రపోతోంది.

"డాక్టరుకి ఎవరు చెప్పారు అంతా?"

"నేనే."

"నువ్వా? ఇంగ్లీషులో?"

"మరి చైనా భాషలోనా?"

అతను నవ్వబోయి, నవ్వలేక, మంచం కమ్మీ మీద తల ఆన్చాడు. "నేనైతే ఏం చేసుండేవాణ్నే," అన్నాడు, ఆ కమ్మీతోనే అన్నట్టు.

*

ఒకరోజు సెలవు పెట్టి మళ్లీ పనికి వచ్చేసరికి బస్సు దగ్గర డ్రైవరూ గైడమ్మా తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. ఆమెను చూసి ఆపేశారు.

"పిల్లకెలా ఉంది?"

"ఆడుకుంటోందండీ. గైడమ్మగారూ, గేటు తెరిచారండీ!" అని మొదలుపెట్టి అంతా చెప్పింది, ఒక్క గుక్కలో. బల్ల వెనక అమ్మాయి ముఖం పెట్టినట్టు తనూ ముఖం పెట్టి చూపించింది. డ్రైవరు పడీ పడీ నవ్వాడు. గైడమ్మ విజిలు తాడు ముడి పడినట్టు అటు తిరిగి దాన్ని విప్పడం మొదలుపెట్టింది. అది ముడి పడలేదు.

"సరే సరే. ఇవాళ కోటాయన బస్సులో వస్తాడు," అంది తిరక్కుండానే. "కాస్త శుభ్రంగా తుడువు."

కోటాయన అంటే కంపెనీ ఆఫీసులో పెద్ద. ఎంత ఎండలోనైనా కోటు విప్పడు కాబట్టి డ్రైవరు పెట్టిన పేరు అది. ఆయనకు తెలుగు రాదు. ఎందుకొస్తున్నాడని ఆమె అడగలేదు. ఊరికే వస్తాడనుకుంది.

ఆ పూట గైడమ్మ చరిత్ర ఎండుగడ్డిలా ఉంది. సంవత్సరాలు, రాజులు, గోడ ఎంత ఎత్తు, గడియారం ఎవరు చేశారు. కాపలావాడి భార్య ఎక్కడా లేదు. గడియారం స్తంభం దగ్గర ఆమె ఎదురుచూసింది. వంతెన మీద ఎదురుచూసింది. గైడమ్మ ఒక్కసారైనా ఆమె వైపు చూడలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకుంది. కోటాయన వెనక సీట్లో కూర్చుని అంతా విన్నాడు. కోట దగ్గర దిగినప్పుడు పూలున్న రాయి పక్కన కాసేపు నిలబడ్డాడు.

బస్సు తిరిగి షెడ్డుకి వచ్చాక గైడమ్మ టీ తాగడానికి వెళ్లింది. డ్రైవరు టైర్లు చూసుకుంటున్నాడు. ఆమె కింది అంతస్తులో మోకాళ్ల మీద కూర్చుని గమ్ గీకుతోంది. కోటాయన వచ్చి ఎదురు సీట్లో కూర్చున్నాడు.

మీ పాప ఎలా ఉంది, అని అడిగాడు.

ఆమె చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆయన అడిగింది ఇంగ్లీషులో. అది ఆమెకు అర్థమైంది. కష్టపడి కాదు, వెనక్కి వెళ్లి బస్సెక్కి కాదు. ఎవరో తెలుగులో అడిగినట్టే లోపలికి వచ్చేసింది.

"గుడ్, సర్," అంది. "నౌ గుడ్ బ్రీదింగ్."

ఆయన నవ్వాడు. మంచి నవ్వు. ఇక్కడ పని బాగుందా అని అడిగాడు, అదీ అర్థమైంది. గైడు గారు బాగా చెప్తారా అన్నాడు. అదీ అర్థమైంది. ఆమె ఒళ్లంతా తేలికైపోయింది. సీటు అంచు పట్టుకుని లేచి నిలబడింది. ఆఫీసుల్లో, బడుల్లో, ఆసుపత్రుల్లో ఇన్నాళ్లూ తన తల మీంచి మాట్లాడిన వాళ్లందరి బదులు ఈయన ఒక్కడే తన ఎదురుగా కూర్చుని తనతో మాట్లాడుతున్నట్టుంది.

ఆ గేటు కాపలావాడి భార్య కథ ఆవిడ చెప్తుందా?

"ఎస్ సర్! ఎవ్రీ డే. టుడే నాట్. వెరీ గుడ్ స్టోరీ. పీపుల్ క్రయింగ్."

అది పుస్తకంలో ఉన్నదేనా? నిజంగా అలాంటి మనిషి ఉండేదా?

గైడమ్మ గొప్పతనం ఈయనకు ఎవరు చెప్తారు? తను తప్ప ఎవరు చెప్పగలరు? ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

"నో బుక్, సర్. షీ మేడ్. హర్ సెల్ఫ్. ఫర్ మీ. ఐ లెర్న్ ఇంగ్లీష్. మై డాటర్ సేఫ్, బికాజ్ ఆఫ్ హర్."

ఆయన ముఖం మీద నవ్వు ఇంకా ఉంది కానీ కళ్లలోంచి వెళ్లిపోయింది. లేచి కోటు సర్దుకున్నాడు. యువర్ ఇంగ్లీష్ ఈజ్ వెరీ గుడ్, అన్నాడు. థాంక్యూ అని కూడా అన్నాడు.

మర్నాడు గైడమ్మ రాలేదు.

*

"మ్యూజియంవాళ్లనుంచి ఉత్తరం వచ్చిందట," డ్రైవరు టైరు పక్కన గొంతుక్కూర్చుని, ముఖం పైకెత్తకుండా చెప్పాడు. "ఆ కళ్లజోడాయన అక్కడివాడే. కాలవ మూతకి పూలు పెట్టిస్తున్నారని. కోటాయన అడిగితే గైడమ్మ, నేను అలాంటిదేమీ చెప్పలేదు, ఎవరో పుట్టించిన పుకారు అంది. ఎవరిమీదైనా తోసెయ్యొచ్చు కదా. జనం వస్తుంటారు, పోతుంటారు. సాక్ష్యం ఎవరూ లేరు. నేను నాకు పైన మైకు వినపడదు అన్నాను. అయిపోయేది. ఒక్కరోజు ఊరుకుంటే అయిపోయేది. ఇప్పుడు ఆవిణ్ని పనిలోంచి తీసేశారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే కంగారు పడతావని. పిల్ల ఆసుపత్రినుంచి అప్పుడే వచ్చింది." అతను పానా కింద పడేశాడు. "అయినా నువ్వెప్పుడైనా కోటాయనతో మాట్లాడావా? ఆయన కనపడితే సీట్ల కిందికి దూరేదానివి. నువ్వు నోరు తెరవవన్న ధైర్యమే మాకు. ఇన్నాళ్లూ మాట్లాడనిదానివి, ఆ ఒక్కరోజే మాట్లాడాలా చెల్లెమ్మా?"

ఆమె చేతిలో తడి గుడ్డ ఉంది. నీళ్లు చెప్పుల మీద కారుతున్నాయి. కాసేపటికి డ్రైవరే లేచి, "ఊరుకో. నీ తప్పేముంది," అన్నాడు. అన్నవాడికీ విన్నదానికీ ఇద్దరికీ ఆ మాట అతకలేదు.

మధ్యాహ్నం భోజనం మానేసి కోటాయన ఆఫీసుకి వెళ్లింది. తలుపు దగ్గర చెప్పులు విడవాలో వద్దో తెలియక విడిచింది. నేల చల్లగా ఉంది. ఆయన కూర్చోమన్నాడు. ఆమె నిలబడే, వచ్చిన ఇంగ్లీషంతా ఖర్చుపెట్టింది. తప్పు గైడమ్మది కాదు, నాది. నన్ను తీసెయ్యండి. ఆవిడ ఒంటరి మనిషి. కథ ఇక చెప్పదు. ఒక్క అవకాశం. ప్లీజ్ అన్న మాట ఎన్నిసార్లు అందో ఆమెకే తెలియదు.

ఆయన మధ్యలో ఆపలేదు. అంతా విన్నాడు. అలా వినడమే ఘోరంగా ఉంది. తర్వాత నెమ్మదిగా, ఆమెకు అర్థమయ్యేలా చిన్న చిన్న మాటల్లో చెప్పాడు. ఆవిడంటే నాకూ గౌరవమే. కానీ మేము చరిత్ర చెప్తామని చెప్పి జనాన్ని బస్సెక్కిస్తాం. ఆవిడ నాతో అబద్ధం చెప్పింది. వయసు కూడా అయింది. ఎలాగూ వచ్చే ఏడాది రికార్డు చేసిన గొంతు పెడదామనుకుంటున్నాం, అది కాస్త ముందుకు జరిగింది.

ప్రతి మాటా అర్థమైంది. ఒక్కటి కూడా తల మీంచి పోలేదు. ఒకప్పుడు ఇలాంటి గదుల్లోంచి బయటికి వచ్చేటప్పుడు, భాష వచ్చుంటే ఇంకోలా జరిగేదేమో అనుకునేది. ఆ అనుకోవడానికి కూడా ఇప్పుడు చోటు లేదు.

తలుపు దాకా వచ్చాక ఆయనే పిలిచి, ఇకనుంచి నువ్వు తుడిచే పని చెయ్యక్కర్లేదు అన్నాడు. నీకు ఇంగ్లీషు వచ్చు కదా. పైన జనానికి చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు ఇచ్చి, ఏమైనా అడిగితే చెప్పు.

ఆమె వద్దనాలనుకుంది. ఇంట్లో పాపకు వాడాల్సిన మందు గుర్తొచ్చింది. తల ఊపింది.

*

ఇప్పుడు ప్రతి సీటు వెనకా ఒక కొక్కెం, కొక్కేనికి రెండు చెవుల తొడుగు. ఆమె ఒక్కొక్కదాన్నీ దూదితో తుడిచి జనానికి అందిస్తుంది. ఎవరి గొంతో తెలియని ఒక మగ గొంతు అందరి చెవుల్లోనూ ఒకేసారి గోడ ఎత్తు చెప్తుంది. పై అంతస్తు నిశ్శబ్దంగా ఉంటుంది. ఎవరూ నవ్వరు, ఎవరూ ఏదీ అడగరు. కోట దగ్గర గడ్డిలో రాయి లేదు. సిమెంటు పోసి మూసేశారు.

గైడమ్మ ఫోను పలకడం లేదు. డ్రైవరు దగ్గర అడ్రసు కనుక్కుని ఒక సాయంత్రం పాపను చంకనేసుకుని వెళ్లింది. మూడో అంతస్తు, చివరి గది. అది అద్దెకిచ్చిన ఇంటివాళ్లావిడ, తెలుగావిడే, బట్టలు ఆరేస్తూ, క్లిప్పు నోట్లో పెట్టుకునే మాట్లాడింది.

"ఖాళీ చేసేసిందిగా. పోయిన ఆదివారమే."

"ఎక్కడికి వెళ్లారండీ?"

"చెప్పలేదు. ఒక్క సంచీ పట్టుకుని వెళ్లింది. నువ్వేమవుతావు, కూతురివా?"

ఆమె ఏమవుతుందో చెప్పలేకపోయింది. తెలుగులో అడిగిన ప్రశ్నే అది.

"నాకూ దిగులుగానే ఉందమ్మా," ఇంటివాళ్లావిడ క్లిప్పు తీసి అంది. "షుగరు మనిషి. వేళకి తినదు. పైగా ఆ చివరి రోజుల్లో వంట కూడా మానేసింది. ఎన్నిసార్లు తలుపు కొట్టినా బానే ఉన్నాను, బానే ఉన్నాను అనేది లోపల్నుంచే. బాగున్నవాళ్లు తలుపు తియ్యరా?"

గది తలుపు తెరిచే ఉంది. లోపల ఏమీ లేదు. కడిగిన నేల, ఒక మూల ఎండ. పాప కిందికి దిగి ఆ ఎండలో నిలబడి ఇక్కడెవరున్నారమ్మా అని అడిగింది. ఊపిరి మామూలుగా ఉంది.

ఆ తర్వాత ఆమె వెతకని చోటు లేదు. వేరే కంపెనీ బస్సులు ఆగేచోట నిలబడింది. మ్యూజియం గేటు దగ్గర అడిగింది. ప్రభుత్వ ఆసుపత్రిలో బల్ల వెనకవాళ్లని అడిగింది, వాళ్ల భాషలోనే, తడుముకోకుండా. అందరూ మర్యాదగా జవాబు చెప్పారు. తెలియదు అన్నారు.

ఆవిడ ఈ ఊళ్లోనే ఉందో, ఇంకో ఊరు వెళ్లిపోయిందో ఎవరికీ తెలియదు. అందుకే ఇది చదివేవాళ్లకు ఒక్క మాట. మీరు ఎక్కడుంటే అక్కడే చూడండి. పెద్ద వయసు మనిషి, జుట్టంతా తెలుపు, ఎడమ కాలు కాస్త ఈడుస్తుంది. బస్సు స్టాండులోనో, పార్కు బెంచీ మీదో, ఏ పాత గోడ నీడనో ఒంటరిగా కనిపిస్తే దాటి వెళ్లిపోకండి. తెలుగులోనే పలకరించండి. అన్నం తిన్నదో లేదో, మందు వేసుకున్నదో లేదో కనుక్కోండి. బానే ఉన్నాను అంటుంది. వెంటనే నమ్మేసి వచ్చేయకండి. ఇంకోసారి అడగండి.